63-3 అట! అయితే ఏంటట?

మా ఆఫీసులో ఒక మహానుభావుడున్నాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఫ్లోరిడా స్టేట్ మాటెత్తితే చాలు, "63-3" అంటాడు. అక్కడితో వాదన అయిపోయిందన్నమాట. నాకేమో ఒళ్ళు మండుతుంది.

సంగతి తెలియనివాళ్ళ కోసం: బౌల్ గేమ్ అంటే సీజన్ చివర్లో రెండు కాలేజీ జట్లని పిలిచి ఆడించే పెద్ద మ్యాచ్. 2023 డిసెంబరు 30న మయామీ పక్కన జరిగిన ఆరెంజ్ బౌల్‌లో జార్జియా 63, ఫ్లోరిడా స్టేట్ 3. సగం ఆటకే 42-3. బౌల్ గేముల చరిత్రలో అప్పటిదాకా ఇంత తేడా లేదు.

ఇక్కడిదాకా అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు జరిగిందే ఎవడికీ అక్కర్లేదు.

ఆ ఏడు ఫ్లోరిడా స్టేట్ 13 ఆడి 13 గెలిచింది. అయినా ఛాంపియన్‌షిప్‌కి ఆడే నాలుగు జట్లలో సెలక్షన్ కమిటీ చోటివ్వలేదు. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది, అతను లేకపోతే ఇది పాత జట్టు కాదు, అదీ కారణం. మరి ట్రావిస్ లేకుండానే కదండీ ఫ్లోరిడానీ, తర్వాత 16-6తో లూయీవిల్‌నీ ఓడించారు? అది సాక్ష్యం కాదా?

కమిటీ కాదన్నాక జట్టు చెదిరిపోయింది. దెబ్బలు తగిలి కొందరు, వేరే కాలేజీకి పోయి కొందరు, ప్రొఫెషనల్ ఆట కోసం ఒళ్ళు కాపాడుకుంటూ కొందరు, మొత్తం పాతికమందికి పైగా ఆరెంజ్ బౌల్ ఆడలేదు. మిగిలినవాళ్ళు చిత్తుగా ఓడారు. "చూశారా, కమిటీ ఎంత కరెక్టో!" అన్నారు. తీర్పు ముందు, సాక్ష్యం తరవాతా?

జార్జియాకీ చోటు దక్కలేదు, వాళ్ళు వచ్చి ఆడలేదా అంటారు. ఒప్పుకుంటాను, ఆ విషయంలో వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ వాళ్ళు అంతకుముందు ఒక మ్యాచ్ ఓడి బయటికి పోయారు. వీళ్ళు ఒక్కటీ ఓడకుండా పోయారు. రెండూ ఒకటేనా?

మన ఆఫీసుల్లో జరిగేదీ ఇదే కదా. ముగ్గురు సీనియర్లని పక్క ప్రాజెక్టుకి లాగేస్తారు. ఇద్దరు విసుగెత్తి పేపర్ పెడతారు. రిలీజ్ తప్పుతుంది. అప్పుడు అప్రైజల్‌లో, "ఈ టీమ్ మీద మాకు ముందే నమ్మకం లేదు" అని రేటింగ్ కోసేస్తారు. అది పడ్డవాళ్ళే లంచ్ టేబుల్ దగ్గర 63-3 అని నవ్వుతారు!

మా పోలవరం సంగతి ఒకటి చెప్తాను. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో రంజీ మ్యాచ్. ఒకే రాష్ట్రంలోని రెండు జట్లు, హైదరాబాదూ ఆంధ్రా. హైదరాబాద్ 6 వికెట్లకి 944 కొట్టి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. రంజీలో ఇప్పటికీ అదే రికార్డు. గోదావరి ఇసుక తిన్నెల మీద ఆడుకునే మా బ్యాచ్ అంతా ఆంధ్రా వైపే. పేపర్ చూసి తలెత్తుకోలేకపోయాం. మా బాబాయ్ మాత్రం ఒకటే అడిగాడు: "పోతే పోయిందిలేరా, వచ్చే ఏడు ఆడనిస్తారా లేదా, అది చెప్పు."

ఆడనిచ్చారు. ఆ ఆంధ్రా జట్టు నుంచే ఎమ్మెస్కే ప్రసాద్ 1999లో ఇండియాకి టెస్టులాడాడు. 2024లో నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాడు. 944 చూసి "వీళ్ళకి రంజీ ఎందుకు" అని ఎవరైనా తలుపేసి ఉంటే?

ఆ రోజు ఎవరు బాగా ఆడారో స్కోరు చెప్తుంది. అంతకుముందు ఎవరికి అన్యాయం జరిగిందో చెప్పదు. ఈసారి మా మహానుభావుడు 63-3 అంటే, నేను 13-0 అంటాను. దానికి జవాబు చెప్పి అప్పుడు నవ్వమనండి.