ముందు గాలి లెక్క, పిదప గోడ

వంతెన కట్టబోవునపుడు బరువు లెక్క కట్టని యింజనీరును ఎవరును క్షమింపరు. ఆనకట్ట కట్టబోవునపుడు వరద లెక్క కట్టనివానిని న్యాయస్థానమున కీడ్తురు. కాని పాఠశాల కట్టునపుడు, ఆసుపత్రి వార్డు కట్టునపుడు, అందుండు మనుష్యులకు రోహిణికార్తెలో గాలి యెటు నుండి వచ్చును, వారి వేడి యెటు పోవును అని లెక్క కట్టితివా యని ప్రశ్నించువాడు లేడు. బరువునకు కూలిన కప్పు పత్రికల కెక్కును. వేడికి కూలిన మనుష్యుని కథ "వడదెబ్బ" యను ఒక్క మాటతో ముగియును. వడగాలి ప్రకృతి పంపినది. గోడయు, కప్పును, కిటికీయు మనము కట్టినవి. ప్రకృతిని నిందించి మన పనిని మరుగుపరచుట ఇక చాలునని మేము చెప్పుచున్నాము.

2015 సంవత్సరపు గ్రీష్మమును ఆంధ్ర, తెలంగాణ ప్రజలు మరచియుండరు. దేశమున రెండు వేలకు పైగా జనులు ఆ వేసవి వేడికి బలియైరి. వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రములవారే. ఎండలో పాటుపడి యిల్లు చేరిన కూలివానికి రాత్రియైనను ఒడలు చల్లబడవలదా? పగలెల్ల సూర్యరశ్మిని త్రాగిన కాంక్రీటు కప్పు ఆ వేడిని రాత్రియెల్ల లోపలికి కక్కును. గాలికి మార్గము లేనిచో ఆ వేడి ఆ గదిలోనే కాపురముండును.

ఇది కంటికి కనబడని విషయము గావున లెక్కకు రాదని కొందరు తలంచుచున్నారు. లెక్క యెంత సులభముగా మొదలగునో చూడుడు. ఊరక కూర్చున్న మనుష్యుని దేహము సుమారు 100 వాట్ల వేడిని వెడలించును. ఒక తరగతి గదిలో 50 మంది యున్నచో 5,000 వాట్లు. అనగా వేయి వాట్ల విద్యుత్ పొయ్యిలు అయిదు వెలిగించినట్లు. ఆ గదిలో సెకనునకు ఒక ఘనపు మీటరు గాలి ప్రవేశించి వెడలినచో, ఆ గాలి సుమారు 4 డిగ్రీలు వేడెక్కి వెలుపలికి పోవును. గాలి సగమైనచో 8 డిగ్రీలు వేడెక్కును. ఇంతవరకు పలకపై కట్టదగిన లెక్క. కాని వచ్చిన గాలి ఏ బల్లమీదుగా పోవును? ఏ మూల నిలిచిపోవును? కప్పు క్రింద పేరుకొన్న వేడిగాలి వెడలుటకు దారి కలదా? ఇవి పలకకు లొంగవు.

లొంగజేయు శాస్త్రము ప్రపంచమున కలదు. గాలియు నీరును ప్రవహించు నియమములను 1822లో నావియే యను ఫ్రెంచివాడును, 1845లో స్టోక్సు అను పండితుడును సమీకరణములుగా వ్రాసిరి. వానిని నిజమైన గదికి చేతితో సాధించుట అసాధ్యము. అందుచే గదిలోని గాలిని లక్షలాది చిన్న గడులుగా విభజింతురు. ఒక్కొక్క గడికిని వర్తకుని చిట్టావలె జమాఖర్చు వ్రాయుదురు: ఎంత గాలి వచ్చెను, ఎంత పోయెను, ఎంత వేడి వచ్చెను, ఎంత పోయెను. ఒక గడి ఖర్చు ప్రక్క గడికి జమ. లక్షల పద్దులును సరిపడువరకు కంప్యూటరు మరల మరల దిద్దును. ఇదియే ప్రవాహ గణనము. 1972లో లండను ఇంపీరియల్ కళాశాల నుండి స్పాల్డింగు, పటంకర్ అనువారు ప్రకటించిన పద్ధతి ఈ విద్యకు మూలస్తంభములలో ఒకటి. 1980లో పటంకర్ వ్రాసిన గ్రంథము ఈ విద్య నేర్చువారికి నేటికిని పాఠ్యమే. ఆ పటంకర్ పూనా, బొంబాయిలలో చదివిన భారతీయుడు. విద్య మనవాడు పెంచినదే. ఫలము మాత్రము మన వార్డులకును మన బడులకును అందలేదు.

ఎవరికి అందినది? మోటారు కారు ముందరి రేడియేటరుకు గాలి చాలునా యని ఈ లెక్క కట్టుదురు. విమానపు టర్బైను రెక్క కరగకుండునా యని కట్టుదురు. వేల కంప్యూటరులు కొలువుండు మందిరములలో చల్లగాలి వేడిగాలితో కలియకుండునా యని కట్టుదురు. కట్టువారెవరు? హైదరాబాదు, బెంగుళూరు, పూనా నగరములలో కొలువులు చేయు మన యువకులు పలువురు ఇందున్నారు. దూరదేశపు యంత్రమునకు ఊపిరి లెక్కించు చేయి, తాను పుట్టిన యూరి ఆసుపత్రిలోని బాలింతకు ఊపిరి లెక్కింపదు. ఆ యువకుల దోషము కాదు. వారిని అడుగువారు లేరు. ఆ పనికి రూకలిచ్చువారు లేరు. యంత్రమునకున్న గౌరవము మనుష్యునికి లేని రాజ్యమున శాస్త్రమెంత పెరిగినను దాస్యమే.

మాపై వచ్చు ఆక్షేపణలను విచారింతము. ఏ.సీ. యంత్రము పెట్టినచో సరిపోదా యని మొదటి ఆక్షేపణ. ఒకటిన్నర టన్నుల యంత్రము గదిలోనుండి సుమారు 5,000 వాట్ల వేడిని తోడి, తాను వాడుకొన్న 1,500 వాట్లను దానికి చేర్చి, 6,500 వాట్లను వీధిలోనికి విడుచును. ఇరుకు సందులో క్రింది యంతస్తు విడిచిన వేడిగాలి పైకెక్కి, పై యంతస్తు యంత్రమునకు ఆహారమగును. అది మరింత విద్యుత్తు త్రాగి తక్కువ చల్లదన మిచ్చును. ఆ సందులో తోపుడుబండి నిలిపినవానికి దక్కునది పైవారందరి వేడి. ఆసుపత్రి శస్త్రచికిత్సాగదికి ఆ యంత్రము అవసరమే; మేము కాదనము. దానిని ఎచట అమర్చవలయునో చెప్పుటకైనను గాలి లెక్కయే కావలయును.

పూర్వులు ఏ లెక్క కట్టి మండువా లోగిళ్లు కట్టిరని రెండవ ఆక్షేపణ. మేమును ఆ లోగిళ్లకు నమస్కరింతుము. మందపు మట్టిగోడ, వెడల్పాటి చూరు, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా. వేడిగాలి పైకి లేచిపోవుటకు అంతకంటె మంచి త్రోవ లేదు. కాని చుట్టును అయిదంతస్తుల మేడలు లేచిన తరువాత ఆ మండువాలోనికి గాలి దిగునా? వట్టివేళ్ల తడికపై నీరు చల్లిన చల్లదనము అనంతపురపు పొడిగాలిలో లభించినట్లు కాకినాడ ఉక్కలో లభించునా? పూర్వులు తరతరముల అనుభవముతో పరీక్షించిరి. మనకు అంత వ్యవధి లేదు. వారి యుపాయము నేటి స్థలమున పనిచేయునా యని చెప్పగల సాక్షి ఈ గణనమే.

వ్యయమధికమని మూడవ ఆక్షేపణ. ఓపెన్‌ఫోమ్ అను గణన సాధనము 2004 నుండి ప్రపంచమునకు ఉచితముగా లభించుచున్నది. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ యను కార్యక్రమము విద్యార్థులచే దానిని అభ్యసింపజేయుచున్నది. పైగా ప్రభుత్వము ఒక్క నమూనాను గీయించి దానినే అనేక గ్రామములలో కట్టించుట యలవాటు. ఆ నమూనాకు ఒక్కమారు లెక్క కట్టినచో అన్ని కట్టడములకును మార్గము దొరకును. స్థలమును బట్టి దిక్కును గాలిని మాత్రము సవరింపవచ్చును. లెక్క కట్టనిచో ఒక్క తప్పు అన్ని గ్రామములలోను గోడలై నిలుచును.

నిబంధనలున్నవి గదా యని అధికారులు పలుకుదురు. ఉన్నవి. నివాసగృహములకై 2018లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన ఎకో నివాస్ సంహిత, నేల వైశాల్యములో ఇంత పాలు తెరువదగిన కిటికీ యుండవలెనని నియమించినది. మంచిదే. కాని ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టినను ఎదురెదురు గోడలకు పెట్టినను కొలత సమానమే. గాలి మాత్రము సమానము కాదు. కొలతకు తృప్తిపడిన నిబంధనను ప్రవాహము వెక్కిరించును.

అయితే ఈ గణనము దేవత కాదని కూడ మేము హెచ్చరింపవలసియున్నది. ఎరుపు నీలి రంగులతో ముచ్చటైన పటము గీయుట సులభము. అబద్ధపు సాక్ష్యమునకును అంగరాగ ముండును. కావున ఆ పటమును ప్రశ్నించుట నేర్వుడు. ఏ నెల యెండకు లెక్క కట్టిరి? గాలి ఏ దిక్కు నుండి వీచునని తలచిరి? దోమల జాలి గాలిని అడ్డగించును గదా, దానిని చేర్చిరా? గడులను ఇంకను చిన్నవి చేసినచో జవాబు నిలుచునా, మారునా? కట్టిన పిదప థర్మామీటరు పెట్టి పోల్చి చూచిరా? ఈ ప్రశ్నలకు నిలిచినదే సాక్ష్యము, నిలువనిది బొమ్మ.

మేము కోరునది స్వల్పము. ప్రజల ధనముతో కట్టు ప్రతి పాఠశాల, ఆసుపత్రి, వసతిగృహ నమూనాకును వేసవి గాలి వేడిమి లెక్కను జతపరుపవలయును. దాని సారాంశమును తెలుగున వ్రాసి ప్రజలు చదువుటకు పెట్టవలయును. అంతవరకు ఆ నమూనాకు అనుమతి యీయరాదు. ప్రభుత్వము తనంతట పెట్టనిచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము మన చేతిలో నున్నది. ప్రతి పఠనాలయము నుండి ఒక్కరు తమ యూరిలో లేవబోవు ప్రభుత్వ భవనమును గూర్చి ఒక్క దరఖాస్తు వ్రాయుదురు గాక: "ఈ కట్టడమునకు గాలి లెక్క కట్టితిరా? కట్టినచో ప్రతిని ఇండు. కట్టనిచో కారణము చెప్పుడు." పది రూపాయల రుసుముతో అడుగదగిన ప్రశ్న ఇది. దీనిని వంద యూళ్లనుండి అడిగిననాడు, పునాది తీయకముందే కలము పట్టక అధికారికి తప్పదు. వచ్చు వేసవి మనలను ఉపేక్షింపదు. మనము దానిని ఉపేక్షింపరాదు.