రికార్డు మీద చిన్న అక్షరాలలో ఉన్న పేర్లు

1957 నవంబరు 29న న్యూయార్క్ నగరంలోని కార్నెగీ హాలులో ఒక సహాయార్థ కచేరీ జరిగింది. హార్లెం ప్రాంతంలోని ఒక సామాజిక కేంద్రానికి నిధులు సమకూర్చడం దాని ఉద్దేశం. అమెరికా ప్రభుత్వ రేడియో 'వాయిస్ ఆఫ్ అమెరికా' ఆ రాత్రి సంగీతాన్ని టేపుల మీద ముద్రించింది. ఆ టేపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అల్మారాలకు చేరి మూలన పడ్డాయి. 48 ఏళ్ల తరువాత, 2005లో, పాత టేపులను డిజిటల్ రూపంలోకి మారుస్తున్న గ్రంథాలయ ఉద్యోగి ఒకరు వాటిని గుర్తించారు. అదే ఏడాది అవి ఆల్బంగా విడుదలయ్యాయి. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్, శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ కలిసి వాయించిన ఆ సంగీతాన్ని జాజ్ లోకం నిధి దొరికినట్లు స్వాగతించింది.

ఆ వేదిక మీద ఉన్నది ఇద్దరు కాదు, నలుగురు. డ్రమ్స్ వాయించినవారు షాడో విల్సన్. ఆ సంగీతమంతటికీ పునాదిగా నిలిచిన బేస్ వాయించినవారు అహ్మద్ అబ్దుల్ మాలిక్. ఆల్బం ముఖచిత్రం మీద పెద్ద అక్షరాలలో ఉన్నవి తొలి రెండు పేర్లు మాత్రమే. నాలుగవ పేరు తెలుసుకోవాలంటే వెనుక అట్ట మీది చిన్న అక్షరాలు చదవాలి.

ఒక సముదాయాన్ని చరిత్ర నుండి తొలగించడానికి ప్రతిసారీ చట్టమో, దౌర్జన్యమో అవసరం కాదు. పేరు నమోదు చేయకుండా వదిలివేస్తే చాలు. రెండు తరాలు గడిచేసరికి ఆ మనుషులు లేనట్లే అవుతారు. మరుగునపడిన జాజ్, బ్లూస్ రికార్డులను వెదికి, వాటి మీది పేర్లను తిరిగి వెలుగులోకి తెస్తున్నవారిని లోకం కాలక్షేపం కోరే అభిరుచిపరులుగా చూస్తుంది. వారు చేస్తున్నది న్యాయానికి సంబంధించిన పని అని, మైనారిటీ హక్కుల గురించి ఆలోచించే మనం దాని నుండి నేర్చుకోవలసింది ఉందని నా అభిప్రాయం. సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చ మన ఉలమాల మధ్య శతాబ్దాలుగా ఉన్నదే. దానిని ఇక్కడ తేల్చడం నా ఉద్దేశం కాదు. ఇక్కడి ప్రశ్న చరిత్రకు, శ్రమకు, గుర్తింపుకు సంబంధించినది.

కుర్చీల కంపెనీ, లక్క పళ్లేలు

బ్లూస్, జాజ్ రెండూ అమెరికా నల్లజాతి ప్రజలు బానిసత్వపు గాయాల నుండి సృష్టించుకున్న సంగీతాలు. 1920లో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' రికార్డు విపరీతంగా అమ్ముడుపోయిన తరువాతనే నల్లజాతివారు కూడా కొనుగోలుదారులేనని కంపెనీలు గ్రహించాయి. వెంటనే వారి కోసం 'రేస్ రికార్డ్స్' పేరిట వేరే జాబితాలు తయారయ్యాయి. రైలు పెట్టెలో, పాఠశాలలో ఉన్న వేర్పాటు పాటలోకి కూడా వచ్చింది. ఈ వ్యాపారంలో పేరు పొందిన పారమౌంట్ రికార్డ్స్ విస్కాన్సిన్ రాష్ట్రంలో కుర్చీలు తయారుచేసే ఒక కంపెనీకి అనుబంధ సంస్థ. గ్రామఫోను పెట్టెలు అమ్ముకోవడానికి పాటలు కావలసివచ్చాయి. చాలామంది గాయకులకు ఒక్కసారి ఇచ్చే కొద్దిపాటి సొమ్ముతో సరిపెట్టేవారు. పాట మీద హక్కు కంపెనీ చేతిలో మిగిలేది.

ఆ రికార్డులకు, మన దేశానికి ఒక సంబంధం ఉంది. ఆ కాలపు 78 ఆర్.పి.ఎం. పళ్లేలు లక్కతో తయారయ్యేవి. ప్రపంచానికి లక్కను ప్రధానంగా సరఫరా చేసింది భారతదేశమే. మన అడవులలో ఆదివాసీలు మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల నుండి గీకి తీసిన లక్క సముద్రాలు దాటి నల్లజాతి గాయకుల గొంతులను మోసింది. లక్క తీసిన చేతుల పేర్లూ ఎక్కడా నమోదు కాలేదు.

మిసిసిపీ జాన్ హర్ట్ కథ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ఆయన 1928లో ఓకే కంపెనీకి కొన్ని పాటలు పాడారు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. ఆయన స్వగ్రామానికి తిరిగి వెళ్లి వ్యవసాయ పనులలో మునిగిపోయారు. 1963లో ఒక యువ అభిమాని ఆయన పాత పాటను శ్రద్ధగా విని, అందులో వినిపించిన అవలాన్ అనే ఊరి పేరును పాత పటంలో వెదికి, నేరుగా అక్కడికి వెళ్లగా, హర్ట్ సజీవంగా కనిపించారు. 35 ఏళ్లుగా ఆయన చిరునామా ఆయన పాటలోనే ఉంది. వెళ్లి పలకరించినవారు లేరు. జీవితపు చివరి మూడేళ్లు మాత్రమే ఆయన గౌరవం అందుకున్నారు. 1930లో పారమౌంట్‌కు పాడిన గీషీ వైలీ, ఎల్వీ థామస్ అనే ఇద్దరు మహిళలకు ఆ మాత్రం అదృష్టం కూడా కలుగలేదు. వారి రికార్డుల ప్రతులు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కించదగినన్నే ఉన్నాయి.

ఉమర్ ఎలా 'మోరో' అయ్యారు?

బానిసలుగా అమెరికాకు తరలింపబడిన ఆఫ్రికన్లలో పశ్చిమ ఆఫ్రికా ముస్లింలు గణనీయంగా ఉన్నారు. వారిలో ఒకరు ఉమర్ ఇబ్న్ సయీద్. నేటి సెనెగల్ ప్రాంతంలో జన్మించి, చదువుకున్న ఈ పండితుడు 1807లో చార్ల్‌స్టన్ రేవులో బానిసగా దిగారు. 1831లో ఆయన అరబ్బీలో రాసిన స్వీయ చరిత్ర నేడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. అది ఖురాన్‌లోని సూరా అల్-ముల్క్‌తో, అంటే సార్వభౌమాధికారం అల్లాహ్‌దేనని ప్రకటించే అధ్యాయంతో, మొదలవుతుంది. చుట్టూ ఉన్న శ్వేతజాతివారికి మాత్రం ఆయన 'అంకుల్ మోరో'. అక్షరజ్ఞానం గలిగిన ఉమర్‌కే పేరు దక్కలేదంటే, మిగిలినవారి సంగతి చెప్పనక్కరలేదు.

ఈ ముస్లింల స్వరం బ్లూస్‌లో మిగిలిందా? ఆఫ్రికా సంగీతాన్ని దశాబ్దాల పాటు పరిశీలించిన గెర్హార్డ్ కూబిక్, బానిస ముస్లింల చరిత్రను రాసిన సిల్వియాన్ దియూఫ్ వంటివారు మిగిలిందనే అంటారు. ఒక్కొక్క అక్షరాన్ని సాగదీస్తూ, వణికిస్తూ పాడే పద్ధతికి ఖురాన్ పఠనంతో, అజాన్‌తో తరతరాలు పెనవేసుకొన్న సహేల్ ప్రాంతపు గానశైలితో పోలిక ఉందని వారు చూపుతారు. దక్షిణ కరోలినాలో 1739 నాటి స్టోనో తిరుగుబాటు తరువాత బానిసలకు డ్రమ్ములు నిషిద్ధమయ్యాయి. తంత్రీ వాద్యాలు, ఏకాకి గొంతు పాట ఆ నిషేధానికి అందలేదు. సహేల్ ప్రజలకు అలవాటైనవి అవే.

దీనిని ఆధారంగా తీసుకొని 'బ్లూస్ మనదే' అని చాటుకోవడం పొరపాటు. అది నల్లజాతి ప్రజలందరి సృష్టి. అందులో అనేక జాతుల, విశ్వాసాల పాలు ఉంది. ముస్లింల పాలు కూడా ఉందని చెప్పడం వేరు, మొత్తం తమదేనని చెప్పడం వేరు. మన దేశంలో మన వాటాను చెరిపివేసే ప్రయత్నాలను ప్రశ్నించే మనం, ఇతరుల వాటా విషయంలోనూ అంతే నిజాయితీగా ఉండాలి.

పేరు మార్చుకోవడం ఒక ప్రకటన

1940లలో అనేకమంది జాజ్ విద్వాంసులు ఇస్లాం స్వీకరించారు. వారిలో పెక్కుమందికి ఇస్లాం పరిచయమైనది 1920లో అమెరికా చేరిన అహ్మదియా ప్రచారకుడు ముఫ్తీ ముహమ్మద్ సాదిక్ పునాది వేసిన మిషన్ ద్వారా. అహ్మదియాల సిద్ధాంతాలతో ముస్లింలలో అత్యధికులకు మౌలికమైన విభేదం ఉంది. ఆ కారణంగా చరిత్రలోని ఒక వాస్తవాన్ని దాచడం సరికాదు. తరువాతి కాలంలో ఈ కళాకారులు వేర్వేరు మార్గాలలో తమ విశ్వాసాన్ని కొనసాగించారు.

బానిస యజమాని ఇచ్చిన ఇంటిపేరును వదిలి కొత్త పేరు స్వీకరించడం వారికి ఆత్మగౌరవ ప్రకటన. దానికి లౌకిక ప్రయోజనం కూడా ఉండేది. ముస్లిం పేరు పెట్టుకొన్న కొందరికి గుర్తింపు కార్డుల మీద 'నల్లజాతి' అన్న ముద్ర తప్పిందని ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ తన ఆత్మకథలో చెప్పారు. ఒక మనిషి రంగు మారకుండానే పేరుతో హోదా మారిందంటే, ఆ వివక్ష ఎంత బూటకమో అర్థమవుతుంది. నేడు మన నగరాలలో పేరు వినగానే అద్దె ఇల్లు దొరకని పరిస్థితి దానికి తలక్రిందులైన రూపం.

బ్లూ నోట్ సంస్థ 1947లో మంక్ చేత చేయించిన తొలి రికార్డింగులలో ట్రంపెట్ వాయించినవారు ఇద్రీస్ సులేమాన్. ఆ ఏడాదే, జాజ్‌లో అత్యంత ప్రసిద్ధమైన రచనలలో ఒకటైన 'రౌండ్ మిడ్‌నైట్'ను మంక్ తన పేరిట తొలిసారి రికార్డు చేసినప్పుడు ఆల్టో శాక్సఫోన్ వాయించినవారు సాహిబ్ షిహాబ్. ఇద్దరూ తరువాత అమెరికా వదిలి ఐరోపాలో స్థిరపడ్డారు. గాయని డకోటా స్టాటన్ ముస్లింగా అలియా రబియా అన్న పేరు స్వీకరించారు. రికార్డుల మీద పాత పేరే కొనసాగింది.

యూసుఫ్ లతీఫ్ (1920–2013) మరింత శ్రద్ధగా వినదగినవారు. 1961 నాటి ఆయన ఆల్బం 'ఈస్టర్న్ సౌండ్స్'లో ఓబో, చైనా మట్టి వేణువు వినిపిస్తాయి. 'జాజ్' అన్న మాటనే ఆయన తిరస్కరించారు. తన సంగీతం దేహం, మనసు, ఆత్మల నుండి వచ్చేదన్న అర్థంలో వేరే పేరు కల్పించుకొన్నారు. డాక్టరేట్ సాధించి, నైజీరియాలోని అహ్మదూ బెల్లో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. తరువాతి జీవితంలో మద్యం అమ్మే చోట వాయించడం మానుకొన్నారు. జాజ్ బ్రతుకుతున్నదే మద్యశాలల మీద అయినప్పుడు, ఆ నిర్ణయానికి ఎంత ధర చెల్లించవలసి ఉంటుందో ఊహించవచ్చు.

ఇక అబ్దుల్ మాలిక్. 1958లో ఆయన 'జాజ్ సహారా' అన్న ఆల్బం చేశారు. అరబ్బుల తంత్రీ వాద్యాలైన ఊద్, ఖానూన్‌లను జాజ్ శాక్సఫోన్ పక్కన కూర్చోబెట్టారు. సంగీతాల సమ్మేళనం ఫ్యాషన్ కావడానికి ఎంతో ముందటి మాట ఇది. తన తండ్రి సూడాన్ వాసి అని ఆయన చెప్పుకొనేవారు. ఆయన తల్లిదండ్రులు కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్ నుండి వచ్చినవారని చరిత్రకారుడు రాబిన్ కెల్లీ దస్తావేజుల ద్వారా చూపించారు. దీనిని అబద్ధమని కొట్టివేయడం తేలిక. బానిసత్వం తాతముత్తాతల ఊరు, భాష, పేరు తుడిచివేసినప్పుడు, మిగిలిన మనిషి తన వంశాన్ని తానే ఎన్నుకోవలసి వస్తుందని అర్థం చేసుకోవడం న్యాయం.

మన అల్మారాలలో ఏమున్నాయి?

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వదళంగా పనిచేసిన సిద్దీల వారసులు నేటికీ హైదరాబాదు ఏ.సి.గార్డ్స్‌లో ఉన్నారు. పెళ్లిళ్లలో మోగే మర్ఫా వారి వారసత్వం. ఊరేగింపులో అందరూ వినే ఆ వాద్యకారుల పేర్లు ఎందరికి తెలుసు? ప్రకాశం జిల్లా కరవదికి చెందిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానాకు 1977లో పద్మశ్రీ దక్కింది. అదే వాద్యాన్ని పల్లె గుడులలో తరతరాలుగా వాయించిన ముస్లిం కుటుంబాలలో ఎన్ని పేర్లు నమోదయ్యాయి? పీర్ల పండుగ పాటలు, ఖవ్వాలీ క్యాసెట్లు మన ఇళ్ల అటకల మీద బూజు పట్టి ఉన్నాయి.

2012 సవరణ తరువాత మన కాపీరైట్ చట్టం ప్రదర్శకునికి రాయల్టీలో వాటానే కాక, తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకొనే హక్కును కూడా గుర్తించింది. హక్కు కాగితం మీద ఉంది. దానిని అడిగేవారు కావాలి. మన సంఘాలు షాదీఖానాలో వాయించిన బృందం పేర్లు కరపత్రం మీద అచ్చువేయాలి. ప్రతి వాద్యకారునికి రాతపూర్వకంగా పారితోషికం నిర్ణయించాలి. మన యువత ఫోనులో పెద్దల పాటను రికార్డు చేసేటప్పుడు ముందుగా పేరు, ఊరు, నేర్పిన ఉస్తాద్ పేరు, తేదీ చెప్పించాలి. దీనికి ఖర్చు ఏమీ లేదు.

పాట విన్న తరువాత ఎవరు పాడారు, వెనుక ఎవరు వాయించారు, వారికి ఏమి ముట్టింది అన్న మూడు ప్రశ్నలు అడగడం మన ఇళ్లలో అలవాటు కావాలి. చిన్న అక్షరాలు చదివే అలవాటు లేని సముదాయం, రేపు తన పేరు ఎక్కడ జారిపోయిందో కూడా గుర్తించలేదు.