రాయడానికి మన దగ్గర ఏమీ లేదా?

డైరీ రాయమని పిల్లలకు చెబితే రెండు రోజులు రాస్తారు. మూడో రోజు "సార్, రాయడానికి ఏమీ లేదు" అంటారు. డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అదే మాట. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లదీ అదే మాట. ప్రేరణ రావడం లేదట! ఈ మాట నిజం కాదని చెప్పడానికే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

మనకు లేనిది ప్రేరణ కాదు. మన బతుకు రాయదగినదే అన్న నమ్మకం లేదు. ఆ నమ్మకాన్ని తీసేసింది బడి. "వేసవి సెలవులు ఎలా గడిపావు?" అని ప్రతి ఏడాదీ వ్యాసం రాయిస్తాం. తెల్లవారకముందే లేచి అమ్మతో ఇప్పపూలు ఏరిన పిల్ల, ఎండలో తునికాకు కోసి యాభై ఆకుల కట్టలు కట్టి కల్లానికి మోసిన పిల్ల ఏం రాస్తుంది? పట్నంలో మామయ్య ఇంటికి వెళ్లాననీ, జంతు ప్రదర్శనశాల చూశాననీ రాస్తుంది. గైడులో అలాగే ఉంది మరి. మనం పదికి ఎనిమిది మార్కులు వేస్తాం. తను చూసింది రాస్తే మార్కులు రావని, చూడనిది రాస్తే వస్తాయని ఆ పిల్ల నేర్చుకుంటుంది. పదేళ్లు ఇలా నేర్పి, తర్వాత "నీ అనుభవాలు డైరీలో రాసుకో" అంటే ఎక్కడి నుంచి రాస్తుంది?

పట్నం వాళ్లు డైరీ గురించి చెప్పే సలహాలు కూడా మనకు అక్కరకు రావు. అందమైన పుస్తకం కొనుక్కో, ప్రశాంతమైన గదిలో కూర్చో, నీ మనసుతో మాట్లాడుకో అంటారు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో, ఒకే హాల్లో నలభై మంది ఉండే హాస్టల్లో ప్రశాంతమైన గది ఎక్కడిది? మనకు కావలసింది ఇరవై రూపాయల నోటుపుస్తకం, ఒక పెన్ను, పైన తేదీ. తేదీ మాత్రం మరవకూడదు. మిగతాదంతా తర్వాత.

"మనది నోటి సంస్కృతి, రాత మనది కాదు" అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటను నేను గౌరవిస్తాను, కానీ ఒప్పుకోను. మన నోటి జ్ఞాపకం గొప్పదే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు మీద కోయల వంశ చరిత్రలు పాడినందుకే 2022లో పద్మశ్రీ వచ్చింది. అయితే నోటి మాట నిలబడాలంటే చెప్పేవాడి పక్కన వినేవాడు కూర్చోవాలి. ఆరేళ్లకే పిల్లను ఆశ్రమ పాఠశాలకు పంపితే తాత పక్కన ఎవరు కూర్చుంటారు? పండుగకు వచ్చి రెండు రోజులుండి వెళ్లే పిల్లకు ఏడు తరాల పేర్లు ఎలా అంటుకుంటాయి? తాడును తెంపింది బడి. ఆ బడి ఇచ్చిన పెన్నుతోనే మళ్లీ ముడి వేయాలి. వేరే దారి నాకు కనిపించడం లేదు.

అసలు రాత మనది కాదని ఎవరన్నారు? ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. గోండులు తమ లిపిలో తమ మాట రాసుకుని, ఇళ్లలో దాచుకున్నారన్నమాట.

మనం రాయకపోతే ఏమవుతుందో కూడా చూడండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ చనిపోయాక, నిజాం ప్రభుత్వం కోరితే హైమన్‌డార్ఫ్ గోండుల మధ్యకు వచ్చాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. ఆయన తీసిన ఫోటోలు, రాసుకున్న కాగితాలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆయన మేలు కోరి రాశాడు, కాదనను. కానీ ఆయన మన తాతల గురించి ఏమనుకున్నాడో మనకు తెలుసు, మన తాతలు ఆయన గురించి ఏమనుకున్నారో తెలియదు. ఆ రెండో పుస్తకం లేదు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. ప్రభుత్వం చెప్పిన లెక్క పదమూడు మంది. ఊళ్లలో పెద్దలు చెప్పే లెక్క దానికంటే చాలా ఎక్కువ. ఆ రోజు ఏ గూడెం నుంచి ఎవరు వెళ్లారో, ఎవరు తిరిగి రాలేదో ఊరికొకరు రాసి పెట్టుకుని ఉంటే ఈ రెండు లెక్కల మధ్య తేడా ఇన్నేళ్లు ఇలా ఉండేదా? ఆనాడు మనలో చదువుకున్నవారు తక్కువ. ఈనాడు ఆ సాకు చెల్లదు.

ఇంకొకటి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనం ధర్నాలు చేశాం, వినతిపత్రాలు ఇచ్చాం. సరే. కానీ ఆ ఇరవై ఏళ్లలో, తెలుగు రాని పిల్లకు ఇంటి భాషలో తొలి పాఠం ఎలా చెప్పామో, బడి మానేసిన పిల్లాడి కోసం ఎన్ని వాగులు దాటి వెళ్లామో, మన చేతిరాతతో ఉన్న ఒక్క పుస్తకం చూపించమంటే ఏం చూపిస్తాం? తనిఖీకి వచ్చే అధికారి కోసం రాసిన పాఠ్యప్రణాళికలు గుట్టలుగా ఉన్నాయి. టీటీసీలో మాకు నేర్పిన రాత అదొక్కటే. లక్ష్యాలు, కృత్యాలు, మూల్యాంకనం. ఆ రోజు క్లాసులో నిజంగా ఏం జరిగిందో రాయడానికి అందులో గడి లేదు.

భూమి సంగతీ అంతే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి మన సాగులో ఉందని చూపించాలి. కాగితాలే కాదు, పెద్దల వాంగ్మూలం రాతపూర్వకంగా ఇచ్చినా, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, పాత బావులు, గట్ల ఆనవాళ్లు చూపినా సాక్ష్యంగా తీసుకోవాలని నిబంధనలే చెబుతున్నాయి. డైరీ ఒక్కటే పట్టా తెచ్చిపెడుతుందని నేను చెప్పను. కానీ వాంగ్మూలం ఇవ్వాల్సిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. ఏ వాగు పక్కన ఎవరి పోడు, ఏ చెట్టు కింద ఎవరి పూర్వీకుల రాయి అన్నది వాళ్లు బతికుండగా అడిగి రాసిన మనవడు ఉన్న ఇల్లు వేరు, లేని ఇల్లు వేరు.

ఇప్పుడు చెప్పండి, రాయడానికి ఏమీ లేదా? ఈ ఏడు మొదటి ఇప్పపూవు ఏ రోజు రాలింది? సంతలో చింతపండు ఎంతకు కొన్నారు, తూకంలో ఎంత తగ్గించారు? విత్తనాల పండుగనాడు పూజారి ఏమన్నాడు? పక్క గూడెం వదినను డోలీలో మోసింది ఎవరెవరు? "గర్భిణిని డోలీలో తరలించారు" అని పేపర్లో వస్తుంది. మోసిన నలుగురి పేర్లు ఉండవు. నీ డైరీలో ఉండాలి. బస్సులో నీ భాష విని ఎవరైనా నవ్వితే, ఆ రాత్రి నీకు ఎలా ఉందో రాయి. కోపం కూడా ప్రేరణే. సిగ్గు, ప్రేమ, కల కూడా అంతే. ఏమీ తోచని రోజు అవ్వ దగ్గరకు వెళ్లి నీకు తెలియని ఒక్క మాట అడుగు. ఆ మాట, దాని అర్థం, అవ్వ పేరు, తేదీ. నాలుగు ముక్కలు చాలు.

మన భాషకు లిపి లేదంటావా? తెలుగు అక్షరాలతో కోయ రాయి, కువి రాయి. కోయలో గొంతు దగ్గర టక్కున ఆగే శబ్దానికి తెలుగులో అక్షరం లేదు, నిజమే. నీ పుస్తకంలో దానికి నువ్వే ఒక గుర్తు పెట్టుకో. నీ డైరీకి దిద్దేవారు లేరు. ఫోన్ ఉంది కదా అంటావా? స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో మాయమైపోతుంది. అది నలుగురి కోసం పెట్టేది. డైరీ నీ కోసం.

తోటి టీచర్లకు మూడు మాటలు. పిల్లల డైరీ మీద ఎర్ర సిరా పెట్టకండి. భాషాదోషం దిద్దడానికి కాపీ పుస్తకాలు చాలానే ఉన్నాయి. రెండు, అడగకుండా చదవకండి. ఒక హాస్టల్లో ఓ పిల్ల రాసుకున్న పుస్తకం లాక్కుని నలుగురిలో చదివి నవ్వారు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ పెన్ను పట్టలేదు. పిల్లల పెట్టెకు తాళం ఉండనివ్వండి. మూడు, మీరు రాయండి. టీచరు రాయని బడిలో పిల్లలు రాయరు.

ఒక రోజు తప్పితే తప్పింది. వారం తప్పినా ఫరవాలేదు, మళ్లీ తేదీ వేసి మొదలుపెట్టండి. జ్వరమొస్తే "జ్వరం" అని ఒక్క మాట రాయండి. పదేళ్లకు అదే మీ గూడెంలో ఏ నెలలో ఎందరికి జ్వరం వచ్చిందో చెప్పే రికార్డు అవుతుంది.

మన గురించి రాయడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ వస్తూనే ఉంటారు. కెమెరాలతో వస్తారు, ప్రశ్నాపత్రాలతో వస్తారు. రానివ్వండి. వాళ్లు అడిగినప్పుడు మన పుస్తకం తీసి, మొదటి పేజీ తేదీ చూపించి, "ఇక్కడి నుంచి మేమే రాసుకుంటున్నాం" అని చెప్పగలగాలి. ఆ తేదీ ఈ రోజుదే కావచ్చు.