మనవాడే అయినా లైసెన్సు అడుగుదాం!

ఊళ్లో ఫ్యూజు పోతే ఏం చేసేవాళ్లం? మెయిన్ ఆపేసి, పాత వైరు ఒలిచి రాగి తీగ చుట్టేసేవాళ్లం. మళ్లీ పోతే ఇంకో రెండు పోగులు ఎక్కువ వేసేవాళ్లం. ఆ తెలివితేటల్ని సూట్‌కేసులో పెట్టుకుని అమెరికా దాకా మోసుకొచ్చాం!

షాంటిలీలో 1960ల చివర్లో మొదలైన గ్రీన్‌బ్రయర్ లాంటి కాలనీల ఇళ్లకు ఇప్పుడు అరవై ఏళ్లు దగ్గరపడ్డాయి. మేమూ అలాంటి పాత ఇంట్లోనే ఉంటున్నాం. కరెంటు కారు కొన్నాక పాత పెట్టె చాలదని తేలింది. వంద ఆంపియర్లది తీసేసి రెండొందలది పెట్టించాలి. నలుగురినీ అడిగితే వచ్చిన సలహా ఒకటే: "మనవాడు ఒకతను ఉన్నాడు. సగం డబ్బులకే చేస్తాడు. పర్మిట్, గిర్మిట్ ఏమీ అక్కర్లేదు."

నిజం చెప్పొద్దూ, మేమూ ఊగిసలాడాం. డాలర్లేమీ చెట్లకు కాయవు కదా! కానీ ఒక సంగతి తెలిశాక వెనక్కి తగ్గాం. పెట్టెలో మెయిన్ బ్రేకరు ఆపినా, మీటరు నుంచి దాని దాకా వచ్చే తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. దాన్ని ఆపాల్సింది కరెంటు కంపెనీ. ఈ పక్క డొమినియన్, కొన్నిచోట్ల నోవెక్. చాటుమాటు పనికి వాళ్లను ఎవరు పిలుస్తారు? ఆ మనవాడికి షాక్ కొడితే ఊళ్లో అతని అమ్మానాన్నలకు ఏమని చెబుతాం?

చివరికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పెట్టుకున్నాం. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పర్మిట్ అతనే తీసుకున్నాడు. పని అయ్యాక కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, నీళ్ల పైపుకు ఎర్తింగ్ తీగ సరిగా బిగించలేదని పట్టుకున్నాడు. పొరపాట్లు లైసెన్సు ఉన్నవాడూ చేస్తాడు. కాకపోతే రెండో కన్ను చూస్తుంది. పర్మిట్ లేని పనికి ఆ రెండో కన్ను ఉండదు.

లైసెన్సు నిజమో కాదో వర్జీనియా రాష్ట్ర లైసెన్సుల శాఖ డీపీఓఆర్ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు మోసం చేసి, కోర్టులో మనం గెలిచినా డబ్బు రాకపోతే, ఆదుకోవడానికి రాష్ట్రంలో ఒక నిధి కూడా ఉంది. లైసెన్సు లేనివాడి చేతిలో మోసపోతే ఆ నిధి మనకు అక్కరకు రాదు. "పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి సార్" అనే కాంట్రాక్టరు దగ్గరా జాగ్రత్తగా ఉండాలి. అలా తీసుకుంటే బాధ్యత మన నెత్తిన పడ్డట్టే.

లైసెన్సు అడగడం మనవాణ్ని అవమానించడం కాదు. గల్ఫ్‌లో వైరింగ్ పని చేస్తున్న మన కరీంనగర్, నిజామాబాద్ అన్నదమ్ములను అడగండి, ఆ పని విలువేంటో చెబుతారు. మనవాడి మీద నిజంగా అభిమానం ఉంటే లైసెన్సు తెచ్చుకోమని ప్రోత్సహిద్దాం. తెచ్చుకున్నాక పూర్తి కూలీ ఇచ్చి మొదటి పని మన ఇంట్లోనే చేయిద్దాం. మిగుల్చుకున్న నాలుగు డాలర్ల కోసం పిల్లలు నిద్రపోయే ఇంటిని పణంగా పెట్టొద్దు.