ఆ పదిహేను సెకన్లు ఎవరివి?

శీర్షిక చూసి వంట చిట్కా అనుకుంటారేమో, కాదు. ఈసారి నేను రాస్తున్నది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. మనకెందుకులే అని దాటేయకండి. ఆదివారం మధ్యాహ్నం డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగింటికి వెళ్ళినా మగవాళ్ళూ పిల్లలూ టీవీ ముందు, మనం వంటింటి గట్టు దగ్గర. అక్కడ మొదలైన ఒక వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. కోచ్ చెప్పేదాకా ఆగకుండా క్వార్టర్‌బ్యాక్ తనంతట తాను 'హర్రీ-అప్' అని జట్టును తొందరపెట్టి, అప్పటికప్పుడు ప్లే చెప్పొచ్చా, చెప్పకూడదా?

చెప్పొచ్చు అన్నది నా మాట. అయితే రెండు షరతులున్నాయి.

ముందు ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి. ఒక్కో అవకాశానికి ముందు పదకొండు మందీ గుండ్రంగా చేరి చెవులు కొరుక్కుంటారు చూడండి, దాన్ని హడిల్ అంటారు. ఎవరు ఎటు పరుగెత్తాలో క్వార్టర్‌బ్యాక్ అక్కడ చెబుతాడు. అతనికి చెప్పేది బయట నిలబడ్డ కోచ్. 1994 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్లో చిన్న స్పీకర్ ఉంటోంది. ఒక ప్లే అయ్యాక రెండోది మొదలుపెట్టడానికి మామూలుగా 40 సెకన్లు ఉంటాయి. అందులో చివరి 15 సెకన్లు మిగిలేసరికి కోచ్ గొంతు ఆగిపోతుంది. నిబంధనే అంత. ఆపైన క్వార్టర్‌బ్యాక్, అతని కళ్ళు, ఎదురుగా నిలబడ్డ పదకొండు మంది శత్రువులు.

హర్రీ-అప్ అంటే హడిల్ మానేసి గబగబా వరసలో నిలబడిపోవడం. దీనివల్ల లాభమేమిటంటే, దాడి చేసే జట్టు మనుషుల్ని మార్చకపోతే, అడ్డుకునే జట్టుకి మార్చుకోవడానికి ప్రత్యేకంగా సమయం ఇవ్వరు. ఆయాసపడుతున్న ఆ భారీ మనుషులే మళ్ళీ నిలబడాలి. వాళ్ళు నడుం మీద చేతులు వేసుకుని వంగిపోయిన క్షణాన్ని అందరికంటే ముందు చూసేది ఎవరు? వాళ్ళకి ఎదురుగా ఉన్నవాడు. బయట చేతిలో కాగితం పట్టుకున్నవాడు కాదు.

మావారి వాదన ఇంకోలా ఉంటుంది. కోచ్‌లు వారమంతా వీడియోలు చూసి లెక్కలు కట్టి పథకం వేస్తారు, ఉడుకు రక్తం కుర్రాడు ఒక్క క్షణం ఆవేశంలో దాన్ని చెడగొడితే ఎలా అంటారు. నిజమే, కోచ్‌కి తెలిసినంత కుర్రాడికి తెలియకపోవచ్చు. కానీ ఆ తెలివంతా వారం పొడుగునా చెప్పడానికి పనికొస్తుంది. ఎదుటివాడు కాలు పక్కకి జరిపిన క్షణంలో పనికొచ్చేది అక్కడున్నవాడి చూపే.

నేను బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని. ఈ మాట వినగానే నాకు అవధానం గుర్తొస్తుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఫలానా అక్షరం వద్దంటాడు. అవధాని ఆ అక్షరం వదిలేసి ఇంకో దారిన పద్యం నడిపిస్తాడు. చూసేవాళ్ళకి అది ఆశువే. దాని వెనక మాత్రం ఛందస్సు, వేల పదాల సంపద, ఏళ్ళ తరబడి సాధన ఉంటాయి. గణాలు రానివాడు గబగబా అనేసింది పద్యం అవదు, ఉత్త తొందర అవుతుంది.

ఆటలోనూ అంతే. 1994 నవంబరులో మయామి క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో, జెట్స్ మీద ఆఖరి అర నిమిషంలో, గడియారం ఆపడానికి బంతిని నేలకు కొడుతున్నట్టు నటించాడు. ఎదుటివాళ్ళు ఒక్క క్షణం సడలారు. అతను బంతిని మార్క్ ఇంగ్రామ్‌కి విసిరాడు, టచ్‌డౌన్, మయామి 28-24తో గెలిచింది. చూసినవాళ్ళంతా అప్పటికప్పుడు పుట్టిన చమత్కారం అనుకున్నారు. కానీ అది జట్టు ముందే సాధన చేసి దాచుకున్న ప్లే. దాన్ని బయటికి తీసే ఘడియ ఏదన్నదే అక్కడ తేలాలి.

ఇక నా షరతులు.

మొదటిది, మారిన మాట పది మందికీ వినపడాలి. 2014 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్లో పేటన్ మానింగ్ డెన్వర్ క్వార్టర్‌బ్యాక్. గీత దగ్గర నిలబడి ప్లేలు మార్చడంలో అతన్ని మించినవాడు లేడంటారు. ఆ సీజన్లో డెన్వర్ 606 పాయింట్లు చేసి రికార్డు పెట్టింది. ఆ రోజు మొదటి ప్లేకే, ఏదో సర్దుదామని మానింగ్ ముందుకు నడుస్తుండగా, ఆ జనం హోరులో సెంటర్ బంతిని వెనక్కి వదిలేశాడు. అది మానింగ్‌ని దాటిపోయి వాళ్ళ గోల్ గీత వెనక పడింది. ఆట మొదలైన 12 సెకన్లకే సియాటెల్‌కి రెండు పాయింట్లు. చివరికి 43-8తో డెన్వర్ ఓడింది. అంత అనుభవం ఉన్నవాడి మాట కూడా పక్కనున్నవాడికి అందకపోతే అంతే.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఈ తొందర భారం ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి. బఫెలో జట్టులో జిమ్ కెల్లీ హడిల్ లేకుండా చాలా ప్లేలు తనే చెప్పేవాడు. ఆ పద్ధతిలోనే వాళ్ళు వరసగా నాలుగేళ్ళు సూపర్ బౌల్‌కి వెళ్ళారు, చిన్న సంగతి కాదు. నాలుగూ ఓడిపోయారు. 1991 జనవరిలో మొదటిదాంట్లో న్యూయార్క్ జెయింట్స్ కావాలనే నిదానంగా ఆడి, 60 నిమిషాల ఆటలో 40 నిమిషాల 33 సెకన్లు బంతిని తమ దగ్గరే ఉంచుకున్నారు. బఫెలో 20-19తో, ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆఖర్లో 47 గజాల నుంచి తన్నిన కిక్ కుడిపక్కకి పోయిందని దేశమంతా ఆ తన్నినవాడినే తలుచుకుంది. నాకు గుర్తొచ్చేది బఫెలో డిఫెన్స్. మనవాళ్ళు వేగంగా ఆడితే త్వరగా ముగించి బయటికొచ్చేస్తారు. బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నవాళ్ళు మళ్ళీ లేచి పరుగెత్తాలి. తొందర ఒకరిది, ఆయాసం ఇంకొకరిది.

ఈ ముక్క మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. "ఆరుగురిని భోజనానికి రమ్మన్నాను, ఏముందిలే, ఏదో ఒకటి చేసెయ్" అని దారిలోంచి ఫోన్ వస్తుంది. అన్నవాళ్ళకి అది హుషారు. బియ్యం మళ్ళీ కడిగేది మనం.

ముందే వేసుకున్న పథకమైతే ఏ గొడవా ఉండదనేవాళ్ళకి మా డాలస్ కథే చాలు. 2022 జనవరి 16న శాన్‌ఫ్రాన్సిస్కోతో ఆటలో 14 సెకన్లు మిగిలాయి, టైమౌట్లు లేవు. డాక్ ప్రెస్కాట్ బంతితో 17 గజాలు పరుగెత్తి పడ్డాడు. అది అతనికి అప్పటికప్పుడు తోచింది కాదు, జట్టు సాధన చేసిన ప్లేనే. కానీ అంపైర్ వచ్చి బంతిని చేత్తో సర్దితే తప్ప తరవాతి ప్లే మొదలవ్వదు. ఆయన వెనకనుంచి పరుగెత్తుకొచ్చేసరికి గడియారం అయిపోయింది. 23-17, కౌబాయ్స్ ఇంటికి. పథకంలో ఉన్నా, ఆశువుగా వచ్చినా, పని ఎవరెవరి చేతుల మీదుగా జరగాలో లెక్కపెట్టకపోతే ఫలితం ఒకటే.

పిల్లల ఆట దగ్గర మాత్రం నేను కాస్త గట్టిగానే ఉంటాను. 2014లో కాలేజీ ఫుట్‌బాల్‌లో, డిఫెన్స్ మనుషుల్ని మార్చుకునేందుకు వీలుగా మొదటి పది సెకన్లలో బంతి ఆడకూడదని ఒక ప్రతిపాదన వచ్చింది. అలసినవాళ్ళకి దెబ్బలు తగులుతాయన్నది కారణం. వేగంగా ఆడే జట్ల కోచ్‌లు ఒప్పుకోలేదు, అది పక్కన పడింది. హైస్కూల్లో పదహారేళ్ళ కుర్రాడికి ఈ స్వేచ్ఛ ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా ఇవ్వాలి. ఇవ్వకుండా మాత్రం ఉండకూడదు. ప్రతి ప్లేకీ బయటికే చూసే పిల్లవాడికి, కోచ్ గొంతు ఆగిపోయిన రోజున ఏం చెయ్యాలో ఎలా తెలుస్తుంది?

కోడలికైనా, ఎదిగిన కూతురికైనా ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. అర్ధరాత్రి పిల్లాడి ఒళ్ళు కాలిపోతుంటే ఊళ్ళో లేని మనిషినో, ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళనో అడిగేదాకా ఆగలేం. పక్కన ఉన్నది మనం, నిర్ణయం మనదే. తెల్లారాక "నన్నొక మాట అడగొచ్చుగా" అనేవాళ్ళు, ఆ మాట ముందు రోజుల్లో మనతో ఎంత మాట్లాడారో కూడా చూసుకోవాలి. అలాగే మన నిర్ణయం ఇంకొకరి నడుం విరిచేదైతే, వాళ్ళతో మాట ముందే అయి ఉండాలి.

అందుకే మావారితో నా వాదన ఇంకా అక్కడే ఉంది. క్వార్టర్‌బ్యాక్‌ని పిలవనివ్వండి, కానీ వారమంతా ఆ పది మందితో కలిసి చెమటోడ్చాకే. మీ ఇంట్లో ఆ పదిహేను సెకన్లు ఎవరి చేతిలో ఉంటున్నాయి?