తినియున్నాను - ఎవడి తెలుగు? ఎవడి ఇంగ్లీషు?

పాచిపెంట మండలంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే సర్కారు పంతులమ్మని నేను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మా అయ్య కంబారి. మీ పుస్తకాల్లో పాలేరు అంటారే, అదే. అమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయేది. ఈ సంగతులు ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను రాయబోయేది ఇంగ్లీషు గ్రామర్ గురించి, అందులోనూ ఒకే ఒక్క టెన్స్ గురించి. "గ్రామర్‌కి కులమేటమ్మా, చోద్యం కాకపోతే!" అని ముక్కు మీద వేలేసుకునే పెద్దలున్నారు. వాళ్ళ కోసమే ఈ రాత.

ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్. మన బళ్ళల్లో ఇది ఎలా చెప్తారో మీకూ తెలుసు, మీలో చాలామంది ఆ బళ్ళల్లోంచి వచ్చినవాళ్ళే. బోర్డు మీద 'హావ్ లేదా హాజ్ ప్లస్ వి త్రీ' అని రాస్తారు. 'గో వెంట్ గాన్, ఈట్ ఏట్ ఈటెన్, సీ సా సీన్' అని నలభై గొంతులు ఒక్కసారి అరుస్తాయి. అగ్రహారంలో సంథ చెప్పినట్టే. అర్థం అడక్కూడదు, స్వరం తప్పకూడదు. శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగించిన తగరమూ లక్కా పొయ్యమంది గౌతమ ధర్మసూత్రం. ఇక శూద్రుడి కన్నా కింద ఉన్న మా సంగతి చెప్పాలా? ఇప్పుడు ఆ శిక్ష లేదు. వి వన్, వి టూ, వి త్రీ పోస్తున్నారు. చెవి నిండుతుంది, బుర్రలోకి ఏటీ దిగదు.

ఆ తర్వాత గైడు తీస్తారు. గైడులో ఇంగ్లీషు వాక్యం పక్కన తెలుగు ఉంటుంది. 'ఐ హావ్ ఈటెన్' - నేను తినియున్నాను. 'హీ హాజ్ కమ్' - అతడు వచ్చియున్నాడు. 'షీ హాజ్ రిటెన్ ఎ లెటర్' - ఆమె ఒక ఉత్తరమును వ్రాసియున్నది.

ఎవడండీ తినియున్నాడు? మా పేటలో ఎవడూ తినియుండలేదు. సాలూరు బస్సు దిగి ఎవడూ వచ్చియుండలేదు. మా అమ్మ 'బువ్వ తినీసినావేటే?' అని అడుగుతుంది. 'తినీసినానమ్మా' అంటాను. తినీసినాను, ఒచ్చీసినాడు, ఎల్లిపోనాది... ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కి దగ్గర చుట్టాలు ఇవీ. తినడం అయిపోయింది. దాని ఫలితం మాత్రం ఇప్పుడు, ఇక్కడ, నా కడుపులో ఉంది, నాకింక వడ్డించక్కర్లేదు. అదే 'నిన్న తిన్నాను' అంటే ఈ పూట ఆకలికీ దానికీ సంబంధం లేదు. ఈ తేడా మా పేటలో మూడేళ్ళ పిల్లకి తెలుసు. చిత్తూరు వైపు వాళ్ళకి 'వచ్చుండాడు' అని బతికున్న మాట ఒకటుంది. వాళ్ళ పిల్లలకి అది చాలు, మా పిల్లలకి ఇది చాలు. ఇంట్లో ఉన్న తాళం చెవిని పక్కన పెట్టేసి, ఎవరింట్లోనూ లేని తుప్పు పట్టిన తాళం చెవి చేతికిచ్చి 'తలుపు తియ్యవేం మొద్దూ' అని మొట్టికాయ వేస్తారు!

గిడుగు రామమూర్తి పంతులు మా ఉత్తరాంధ్ర మనిషే. పర్లాకిమిడిలో పిల్లలకి చదువు చెప్తూనే కొండల్లో సవరల మాట నేర్చుకున్నాడు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఎవరూ మాట్లాడని తెలుగుని పిల్లల నోట్లో కుక్కొద్దని పండితులతో కొట్లాడాడు. బ్రాహ్మడే అయినా ఈ విషయంలో ఆయనకి దండం పెడతాను, మా వాళ్ళలో కొందరికి నచ్చకపోయినా సరే. ఏటేటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేసి తెలుగు భాషా దినోత్సవం అంటారు. మర్నాడు అదే చాక్‌పీసుతో 'వ్రాసియున్నది' అని రాస్తారు.

ఇంకో సంగతి. నా క్లాసులో అందరి ఇళ్ళలోనూ 'తినీసినాను' కూడా లేదు. కొండ మీంచి దిగే పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో కూవి, కొందరి ఇళ్ళల్లో గదబ, కొందరి ఇళ్ళల్లో ఆదివాసీ ఒడియా. వాళ్ళకి పుస్తకం తెలుగే పరాయి. ఆ పరాయి తెలుగులోంచి ఇంకో పరాయి ఇంగ్లీషులోకి దూకమంటున్నాం. 'మీ ఇంట్లో దీన్ని ఏమంటార్రా?' అని అడిగిన పుస్తకం ఒక్కటి నా చేతికి రాలేదు.

సరే, తప్పుల మాటకొద్దాం. 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అని మా పిల్లడు రాస్తాడు. ఇంగ్లీషులో యెస్టర్‌డే పక్కన హావ్ పనికిరాదు గనక తప్పే, దిద్దుతాను. కానీ దిద్దడం వేరు, నవ్వడం వేరు. 'రిజర్వేషన్ ఇంగ్లీషు' అని నవ్వుతారే, అక్కడ నాకు మండుతుంది. జర్మన్లు తమ భాషలో నిన్నటి పనిని కూడా హావ్‌తోనే చెప్పుకుంటారు, అందుకే ఇంగ్లీషులో వాళ్ళూ సరిగ్గా ఈ తప్పే చేస్తారు. జర్మనోడి పుట్టుక ఎవరైనా అడిగారా? అమెరికావోళ్ళు 'ఐ ఆల్రెడీ ఏట్' అనేస్తారు, హావ్ పెట్టరు. మన పెద్దకులాల అబ్బాయి కాలిఫోర్నియా నుంచొచ్చి అలా అంటే అది స్టైలు. మా పిల్లడంటే అజ్ఞానం!

ఇప్పుడు అసలు సంగతి. ఈ టెన్స్ దేనికి? 'పర్ఫెక్ట్' అంటే తప్పులేనిది అనుకుంటారు పిల్లలు. కాదు, లాటిన్‌లో పూర్తయినది అని దాని మూలార్థం. అయిపోయిన పని ఇవాళ్టిని ఇంకా పట్టుకుని వేలాడుతోందని చెప్పడానికి ఇంగ్లీషువోళ్ళు కట్టుకున్న మాట ఇది. అందుకే ఫలానా రోజని ముగిసిన తేదీ పెడితే ఒప్పుకోదు. తేదీ పెడితే లెక్క మూసేసినట్టు. ఈ టెన్స్‌లో లెక్క తెరిచే ఉంటుంది.

మరి గైడుల్లో ప్రాక్టీసు వాక్యాలు చూడండి. 'వియ్ హావ్ బాట్ ఎ న్యూ కార్.' 'హావ్ యూ ఎవర్ బీన్ టు లండన్?' 'మమ్మీ హాజ్ బేక్డ్ ఎ కేక్.' మా క్లాసులో కారు కొన్న తండ్రి లేడు. లండన్ సంగతి దేవుడెరుగు, విశాఖపట్నం చూడని పిల్లలున్నారు. చోడి అంబలి కాచే అమ్మ కేకు ఎప్పుడు బేక్ చేసింది? ఇంకొకరి ఇంట్లో జరిగినవాటికి మా పిల్లలు హావ్, హాజ్ తగిలించాలి. ఇంకొకరి పొలంలో కలుపు తీసినట్టే ఉంది నాకు.

నేను గైడు మూసేశాను. 'మీ ఇంట్లో, మీ ఊళ్ళో జరిగిందే రాయండి. తేదీ పెట్టొద్దు. అది ఇప్పటికీ మిమ్మల్ని పట్టుకునుండాలి' అన్నాను. రెండు రోజులు దిక్కులు చూశారు. మూడో రోజు రాశారు.

'మై గ్రాండ్‌మదర్ హాజ్ నెవర్ సీన్ ఎ ట్రైన్' - మా అవ్వ ఇంతవరకూ రైలు చూడలేదు. 'మై ఫాదర్ హాజ్ నాట్ గాట్ పట్టా యెట్' - మా అయ్యకి ఇంకా పట్టా రాలేదు. కొండ మీది పిల్ల ఒకతి, 'దే హావ్ క్యారీడ్ మై ఆంట్ ఇన్ ఎ డోలీ త్రీ టైమ్స్' అని రాసింది. మూడుసార్లు మోశారు, రోడ్డు లేదు, రేపు నాలుగోసారి మొయ్యాల్సి రావచ్చు, అందుకే అక్కడ 'క్యారీడ్' ఒక్కటే చాలదు, 'హావ్' కావాలి. చూశారా? సూత్రం నేను చెప్పలేదు, డోలీ చెప్పింది. మా పేట పిల్లడు రాసింది చూసి మాత్రం కాసేపు మాట రాలేదు. 'నోబడీ ఫ్రమ్ అవర్ పేట హాజ్ ఎంటర్డ్ ద టెంపుల్.' మా పేటోళ్ళెవరూ గుళ్ళోకి అడుగెట్టలేదు.

ఆ నోటుపుస్తకాలు బడి పరిశీలనకొచ్చిన ఒక అధికారి కంట పడ్డాయి. ఆయన పేరు మనకొద్దు. పేజీలు తిరగేసి తిరగేసి "ఏమ్మా, గ్రామర్ చెప్తున్నావా, రాజకీయం చెప్తున్నావా?" అన్నాడు. "గ్రామరే సార్. తప్పుంటే దిద్దండి" అన్నాను. ఎర్ర పెన్ను తీశాడు. దిద్దడానికేమీ దొరకలేదు. "న్యూట్రల్ వాక్యాలు రాయించాలమ్మా. చిన్నపిల్లలకి ఈ కులం గొడవలెందుకు? అవన్నీ అప్పుడెప్పుడో ఉండేవి" అన్నాడు.

కారు కొన్నది న్యూట్రల్. డోలీ మోసింది రాజకీయం. మమ్మీ కేకు గ్రామర్. మా గుడి గొడవ!

'అప్పుడెప్పుడో ఉండేవి' అన్న మాట దగ్గరే మాకూ వాళ్ళకీ తగువు. వాళ్ళకి కులం ఎప్పుడూ సింపుల్ పాస్టే. 'మా తాతలు చేశారు, అయిపోయింది.' 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. తేదీ ఉంది గనక అది పాస్టే. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు పడిన అందర్నీ విడిచిపెట్టింది. అవీ పాస్టే. కానీ మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి నోట్లో అది ఏ టెన్స్? మా వైపుకే రండి. వంగర మండలం లక్ష్మింపేటలో 2012 జూన్ 12న మద్దువలస ముంపు భూమి తగువులో ఐదుగురు మాలల్ని నరికేశారు. ఆ ఇళ్ళకెళ్ళి 'అప్పుడెప్పుడో' అని అనగలరా?

అంత దూరం ఎందుకు. మా ఊరి టీ కొట్లో ఇప్పుడు అందరికీ పేపరు కప్పులే. రెండు గ్లాసుల బాధ తీరిపోయిందని సంబరపడ్డవాళ్ళని చూశాను. కడగక్కర్లేని కప్పు వచ్చింది, అంతే. మా ఎంగిలి కడగడానికి సిద్ధపడ్డ చెయ్యి ఇంకా రాలేదు.

ఈ టెన్స్ పెద్దకులాలకి తెలీదనుకోకండి, బాగా తెలుసు. ఉద్యోగం వచ్చాక పట్నంలో అద్దెల్లు వెతికాను. టు-లెట్ బోర్డున్న ఇంటావిడ లోపలికి పిలిచింది, మంచినీళ్ళిచ్చింది, గదులు చూపించింది. ఆఖరికి "మీరేవుట్లమ్మా?" అంది. చెప్పాను. "అయ్యో, పొద్దున్నే వేరేవాళ్ళకి ఇచ్చీసినామమ్మా" అంది. ఇచ్చీసినాం! చక్కటి ప్రెజెంట్ పర్ఫెక్ట్. నెల తర్వాత కూడా ఆ బోర్డు ఆ గుమ్మానికే వేలాడుతోంది.

మా అయ్య లెక్కా అంతే. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. నేను పుట్టింది ఆ తర్వాత చాన్నాళ్ళకి. అయినా మా చిన్నప్పుడు రైతు కల్లంలో ధాన్యం కొలిచి, పుస్తకం చూసి 'నీ అప్పు ఇంకా తీరలేదురా' అనేవాడు. 'యెట్' అన్న మాట ఆయన చేతిలో ఉంది. 'తీర్చీసినాను' అని చెప్పడానికి అయ్యకి పుస్తకం లేదు, సంతకం లేదు. నాకు ఈ టెన్స్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే అందుకు.

ఇక మాతృభాష పెద్దలకి ఒక మాట. 2019 నవంబరులో సర్కారు బళ్ళల్లో ఇంగ్లీషు మీడియం అని జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ మధ్యకాలంలో తెలుగు చచ్చిపోతోందని ఎంత ఏడ్చారండీ! ఏడ్చినవాళ్ళలో ఎంతమంది మనవలు సర్కారు బడి పలకలు పట్టారు? మా విజయనగరంలో 'కన్యాశుల్కం' నాటకం ఆడింది 1892లో. అప్పటికే అగ్రహారం కుర్రాడు వెంకటేశం ఇంగ్లీషు చదువుకి పట్నం వెళ్ళాడు, గిరీశం ఇంగ్లీషు ముక్కలతో ఊరిని బురిడీ కొట్టించాడు. నూట ముప్ఫై ఏళ్ళు మీరు తిన్నాక, మా వంతొచ్చేసరికి ఇంగ్లీషు అజీర్ణం చేస్తుందా?

అలాగని ప్రభుత్వాలని మెచ్చుకోను. మీడియం మార్చడమంటే అట్ట మార్చడం కాదు. ఐదు తరగతులకి ఒక్క పంతులున్న బడి మా కొండల్లో ఉంది. ఆ పంతులు ఏ మీడియంలో చెప్తాడు? ఎవరికి చెప్తాడు? ఇంగ్లీషు ఇస్తున్నామని హావ్, హాజ్ బట్టీ పట్టిస్తే మా పిల్లలు కూలీ ఇంగ్లీషుతో కూలీలుగానే మిగులుతారు. లాహోర్‌లో చదవనివ్వని ఉపన్యాసాన్ని అంబేద్కర్ 1936లో సొంత ఖర్చుతో ఇంగ్లీషులో అచ్చేసుకున్నాడు. మాకు కావాల్సింది ఆ ఇంగ్లీషు. మా మాట ఆపేసిన చోట నిలబడి మాట్లాడే ఇంగ్లీషు.

వచ్చే వారం 'ఫర్', 'సిన్స్' చెప్పాలి. మన తెలుగులో 'పదేళ్ళ నుంచి చూస్తున్నాం' అంటాం, అందుకే పిల్లలు 'వియ్ ఆర్ వెయిటింగ్ సిన్స్ టెన్ ఇయర్స్' అని రాస్తారు. 'హావ్ బీన్ వెయిటింగ్ ఫర్' అని దిద్దాలి. 'సిన్స్' పక్కన మాత్రం సంవత్సరం పెట్టుకోవచ్చు, అది మొదలైన సంవత్సరం గనక. ముగిసిన సంవత్సరానికే ఈ టెన్స్‌లో చోటు లేదు. పట్టా కోసం ఏ ఏడు నుంచి తిరుగుతున్నారో, రోడ్డు కోసం ఏ ఏడు నుంచి అర్జీలు పెడుతున్నారో ఇంట్లో తాతల్ని, అవ్వల్ని అడిగి, నోటుపుస్తకంలో రాసుకుని సోమవారం తెమ్మన్నాను.