ఎవరు చేరారు? ఎవరు తప్పుకున్నారు?

మీ ఇంట్లో విటమిన్ మాత్రల డబ్బా ఉంటే ఒకసారి చూడండి. 1990ల్లో విటమిన్లు తయారుచేసే పెద్ద కంపెనీలు పైకి పోటీ పడుతూనే, లోపల ఎవరెంత అమ్మాలో, ఎంతకు అమ్మాలో మాట్లాడుకున్నాయి. 1999లో గుట్టు రట్టయ్యాక అమెరికాలో రోష్ 50 కోట్ల డాలర్లు, బీఏఎస్ఎఫ్ 22.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టడానికి ఒప్పుకొన్నాయి.

అలాగని పోటీదారులు కలిసి కూర్చోవడమే నేరమనుకుంటే మనకే నష్టం. అందరికీ పనికొచ్చే పరీక్షా పద్ధతుల కోసం ఏ కంపెనీకి ఆ కంపెనీ విడిగా తంటాలు పడితే ఆ ఖర్చు చివరికి మన మందుల బిల్లులోనే తేలుతుంది. కలిసి పరిశోధించాలి, కానీ అదే బల్ల దగ్గర ధరల ముచ్చట రాకూడదు. ఎలా?

అమెరికా 1984లో ఇందుకో చట్టం చేసింది. 1993లో దాన్ని ఉమ్మడి ఉత్పత్తికీ విస్తరించింది. కలిసి పరిశోధించే బృందం తన సభ్యులెవరో, ఉద్దేశమేమిటో న్యాయశాఖకూ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కూ రాసివ్వాలి. ఆ వివరాలు అక్కడి గెజిట్‌లో అచ్చవుతాయి. నిర్బంధమేమీ లేదు. చెప్పినవారికి మాత్రం ఓ ఊరట ఉంది. పోటీ చట్టం కేసులో ఓడితే మామూలుగా నష్టానికి మూడింతలు చెల్లించాలి, వీరు అసలు నష్టం మేరకు ఇస్తే చాలు. పరిశోధనకు అవసరం లేని ధరల, అమ్మకాల సమాచారం పంచుకుంటే ఆ ఊరటా ఉండదు.

ఇందులో నాకు బాగా నచ్చింది మరొకటి. తర్వాత కొత్తవారు చేరినా, పాతవారు తప్పుకున్నా ఆ రక్షణ నిలవాలంటే 90 రోజుల్లోగా మళ్లీ తెలపాలి. మందుల పరిశోధనలో కంపెనీలను ఒకచోట చేర్చే పిస్టోయా అలయన్స్ 2009 నుంచి ఇలాంటి ప్రకటనలు ఇస్తోంది. చదవడానికి చప్పగా ఉంటాయి, శుభలేఖలో బంధువుల పేర్లలాగా! కానీ ఒకే మందు తయారుచేసే రెండు కంపెనీలు ఒకే గూటికి చేరాయా అన్నది తెలిసేది ఆ పేర్ల వరసలోనే. పేరు అచ్చయినంత మాత్రాన ప్రభుత్వం ఆమోదముద్ర వేసినట్టు కాదు. లోపల ఏం మాట్లాడుకున్నారో కూడా అందులో ఉండదు. ఎవరిని ప్రశ్నించాలో మాత్రం తెలుస్తుంది.

మన 2002 పోటీ చట్టం కూడా, సామర్థ్యం పెంచే ఉమ్మడి సంస్థలకు సెక్షన్ 3లో వెసులుబాటు ఇచ్చింది. అందుకు బదులుగా సభ్యుల పేర్లు గెజిట్‌లో వేయమని మాత్రం ఆ సెక్షన్ అడగదు. నెలనెలా బీపీకీ షుగరుకూ మాత్రలు కొనే కుటుంబాలకు, ఆ మాత్రల తయారీదారులు ఎవరితో చేతులు కలిపారో తెలుసుకునే హక్కు ఉండాలి. 90 రోజుల గడువు పెట్టి ఓ జాబితా అడిగితే పరిశోధన ఆగిపోదు. అమెరికాలో ఆగలేదు.